లారీకి పెద్ద టైర్లు : ఇరుసులోని పండ్ల లెక్క

లారీలుగల మన సభ్యులలో కొందఱు కంపెనీవారు వేసియిచ్చిన టైర్లను తీసివేసి పెద్దవి వేయించుకొనుచున్నారు. కాలువగట్లమీదను, నల్లరేగడి డొంకలలోను బండి అడుగు నేలకు తగులకుండ పోవుననియు, లాగుడు తేలికయగుననియు వారి తలంపు. మొదటి మాట నిజమే. రెండవది నిజము కాదు. ఈ భేదము తెలియకనే ధాన్యపు బస్తాలతో గట్టు నెక్కలేక క్లచ్చిప్లేటు మాడ్చుకొనువారు గలరు. కావున ఈ విషయమును కొంత వివరముగ వ్రాయుచున్నాము.

పెద్ద చక్రము లాగుటకు తేలిక యనునది ఎడ్లబండి మనకు నేర్పిన పాఠము. ఆ బండి విషయమున అది సత్యమే. ఎడ్లు కాడిని పట్టి ముందునకు లాగును. చక్రము ఇరుసుచుట్టు ఊరక దొరలును. చక్రమెంత పెద్దదైన గుంతను అంత సులభముగ దాటును. లారీలో నట్లు కాదు. లాగెడు బలము బండి ముందర లేదు, లోపల నున్నది. ఇంజను ఇరుసును త్రిప్పగా చక్రము నేలను వెనుకకు త్రోసి బండిని నడుపును. నీళ్ల బిందెను ఒంటికి దగ్గఱగ పట్టుకొన్న తేలిక, చేయి చాచి పట్టుకొన్న బరువు. చక్రము పెద్దదైనచో ఇంజను చేయి చాచి పట్టుకొన్నట్లే. చక్రపు చుట్టుకొలత నూటికి 8 వంతులు పెరిగినచో నేలను త్రోయు బలము నూటికి 7 వంతులకు మించి తగ్గును.

ఈ నష్టమును పూడ్చుటకే ఇరుసులోని పండ్లచక్రములను మార్చుదురు. గేరుపెట్టెనుండి వచ్చు షాఫ్టుచివర పినియను అను చిన్న పండ్లచక్రము గలదు. అది క్రౌను అను పెద్దదానిని త్రిప్పును. క్రౌనుకు 41 పండ్లును పినియనుకు 7 పండ్లును ఉన్నచో షాఫ్టు 5.86 చుట్లు తిరిగినగాని చక్రము ఒక చుట్టు తిరుగదు. ఇదియే నిష్పత్తి. పినియనుకు 6 పండ్లే యున్నచో నిష్పత్తి 6.83 అగును. అంకె పెరిగినకొలది లాగుబలము పెరుగును, వేగము తగ్గును.

లెక్క వేయుటకు టైరుమీది అంకెలకంటె నేలమీది కొలత నమ్మదగినది. బండికి మామూలు బరువు వేసి, టైరు నేలను తాకుచోట టైరుమీదను నేలమీదను సుద్దతో గుర్తు పెట్టి, చక్రము సరిగ ఒక చుట్టు తిరుగునట్లు నడిపి ఆ దూరమును కొలువవలెను. పాత టైరుకు 3 మీటర్లు, క్రొత్తదానికి 3.24 మీటర్లు వచ్చినదనుకొందము. 3.24ను 3చే భాగించిన 1.08. దీనిచే పాత నిష్పత్తియగు 5.86ను హెచ్చించిన 6.33 వచ్చును. ఈ నిష్పత్తి యున్నచో బండి మునుపటివలెనే లాగును. అయితే పండ్లు మనము కోరినన్ని దొరకవు. ఆ ఇరుసుకు తయారైనవానిలో దగ్గఱదానినే ఏరుకొనవలెను. దొరకునది 6.83 అయినచో గంటకు 60 కిలోమీటర్లకు, అనగా నిమిషమునకు వేయి మీటర్లకు, పై గేరులో ఇంజను సుమారు 2,110 చుట్లు తిరుగును. పాత టైర్లతో పాత నిష్పత్తితో 1,950 చుట్లే. పొలమునుండి మిల్లునకు ధాన్యమును, చెఱకును తోలు బండికి ఈ హెచ్చు మేలే. మదనపల్లెనుండి చెన్నైకి టమాటాలు తీసికొనిపోవు బండికి మాత్రము ఇది దారిపొడుగున డీజిలు ఖర్చు, అట్టివారు 6.33కు దగ్గఱిది దొరకనిచో పాత టైర్లకే మరలుట మంచిదని మా యభిప్రాయము.

9.00–20 టైరు తీసి 10.00–20 వేసినచో చుట్టుకొలత నూటికి మూడు నాలుగు వంతులే పెరుగును. ఇంతమాత్రమునకు ఇరుసు విప్పించుట వృథావ్యయము. 8.25–20నుండి 10.00–20కి పోయినప్పుడే భేదము ఎనిమిది వంతులు. అప్పుడు రిమ్ములు సైతము మార్చవలసి వచ్చును, జతచక్రముల నడుమ ఎడము చాలునో లేదో చూడవలసి వచ్చును.

పండ్లు మార్చినను తీఱని లోపమొకటి గలదు. అది బ్రేకు. బ్రేకుడ్రమ్ము చక్రమునందే యున్నది గనుక పెద్ద టైరువలన తగ్గిన పట్టు క్రౌను మార్చుటచే తిరిగిరాదు. దిగుడులో ఇంజను పట్టు పెరుగుమాట నిజమే. కాని శ్రీశైలము, అనంతగిరి ఘాటులలో బరువుతో దిగు డ్రైవరు దానినొక్కదానినే నమ్ముకొనరాదు. పెద్ద టైరు వేసినంతమాత్రాన హెచ్చు బరువు వేయుటకు హక్కును రాదు. రిజిస్ట్రేషను పత్రములోని బరువే బరువు. పత్రములోని వివరములకు భేదము వచ్చునట్టి మార్పులను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది గనుక ముందుగ రవాణా కార్యాలయమున విచారించుట యుక్తము.

కిలోమీటరు లెక్కను బాడుగకు తోలువారు మీటరును గూడ చూచుకొనవలెను. షాఫ్టునుండి నడుచు మీటరైనచో, టైర్లు మాత్రమే మార్చిన బండి 108 కిలోమీటర్లు పోగా 100 అని చూపును. బాడుగ పోవును, డీజిలు ఎక్కువ త్రాగుచున్నదను అపోహయు కలుగును. పండ్లను సైతము 6.83కు మార్చినచో తప్పు తలక్రిందగును: మీటరు 60 చూపునప్పుడు బండి 55, 56లకు మించి పోదు.

ముందు వెనుక ఇరుసులు రెండును లాగు బండ్లలో ఒకదానిని మార్చి రెండవదానిని విడువరాదు. రెండింటి లెక్కయు సరిపోవలెను. నాలుగు చక్రములును లాగు ట్రాక్టర్లకు వెనుక టైర్లు మాత్రము పెద్దవి వేయుటయు ఇట్టి తప్పే.

క్రౌను, పినియను కలిసి అరగదీయబడిన జంట. రెండింటిని కలిపియే కొనవలెను. బిగింపులో సందు, పండ్ల ఒరపు చూడగల మేస్త్రీకే పని యప్పగింపుడు. విజయవాడ ఆటోనగరులో ఇట్టి పనివారు గలరు. బిగించిన పిమ్మట మొదటి రోజులలో బరువు వేయక, ఇరవై ముప్పది కిలోమీటర్లు మెల్లగ నడిపి, ఇరుసు చల్లారువఱకు ఆపి, మరల నడుపవలెను. ఇంచుమించు 800 కిలోమీటర్లు నడిచినతోడనే ఇరుసులోని నూనెను దింపి క్రొత్తది పోయవలెను. దిగిన నూనెలో ఇనుపరజను మెఱయుట సహజము. పలుకులు కనబడినచో బండిని వెంటనే మేస్త్రీకి చూపవలెను.