ఘాటెక్కే పికప్‌కు ఏ ఆయిల్, ఎన్నాళ్లకు?

పలమనేరు వైపు నుంచి టమోటా వేసుకుని గుడియాత్తం దిగిన పికప్, తిరుగు ప్రయాణంలో లుంగీ బేళ్లో అగ్గిపెట్టెల కట్టలో ఎత్తుకుని మళ్లీ ఘాటెక్కుతుంది. గుడియాత్తం కంటే పలమనేరు వెయ్యి అడుగులకు పైగా ఎత్తు. లోడు మీద ఆ ఎత్తంతా సెకండ్, థర్డ్ గేర్లలోనే లాగాలి. అదే మోడల్ బండి ఇంకొకటి వేలూరు నుంచి ఆంబూరు, వాణియంబాడి మీదుగా బెంగళూరు హైవేలో టాప్ గేర్ దించకుండా పోతుంది. మీటరు మీద రెండూ పదివేల కిలోమీటర్లే చూపించవచ్చు. లోపల ఇంజిన్ ఆయిల్ పడిన పాటు మాత్రం వేరు.

అందుకే "సింథటిక్ పోస్తే ఎన్ని వేలు నడపొచ్చు?" అని అడిగే ఓనర్‌కు ఒక్క అంకెలో జవాబు చెప్పలేం. ఆ బండి ఎక్కడ తిరుగుతోంది, ఎంత లోడు, ఎంత డీజిల్ తాగుతోంది అని ముందు అడగాలి.

డీజిల్ లెక్కతోనే మొదలుపెడదాం. ఆయిల్‌ను పాడుచేసేవి మసి, వేడి, ఆమ్లాలు, లోపలికి చేరే డీజిల్. ఇవన్నీ సిలిండర్లలో ఎంత ఇంధనం మండిందన్న దాన్ని బట్టి పెరుగుతాయి. హైవే బండి లీటరుకు 14 కిలోమీటర్లు ఇస్తుందనుకోండి. పదివేల కిలోమీటర్లకు అది కాల్చేది సుమారు 714 లీటర్లు. ఘాటు బండి లోడుతో 9 మాత్రమే ఇస్తే అదే దూరానికి 1,111 లీటర్లు కాలుస్తుంది. హైవే బండికి పదివేలకు ఆయిల్ మార్చడం సబబైతే, ఈ లెక్కన ఘాటు బండికి 6,400 దగ్గరే మార్చాలి. కంపెనీ మాన్యువల్‌లో దుమ్ము, భారీ లోడు, కొండదారి, ఎక్కువసేపు ఐడిలింగ్ ఉన్న బండ్లకు గడువు తగ్గించమని విడిగా రాసి ఉంటుంది. చాలామంది ఆ పేజీ తిప్పరు. గుడియాత్తం చుట్టుపక్కల తిరిగే బండ్లలో ఎక్కువ శాతం ఆ పేజీకి చెందినవేనని నా అభిప్రాయం. కొన్ని కొత్త పికప్‌లకు కంపెనీలు 20,000 దాకా గడువు చెబుతున్నా, ఆ అంకె మామూలు వాడకానికి ఇచ్చినదే.

ఇక క్యాన్ మీది "సింథటిక్" అన్న మాట. ఒకప్పుడు దానికి ప్రయోగశాలలో అణువులను కూర్చి చేసిన నూనె అనే అర్థం. 1990ల చివర్లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య దీని మీద తగాదా వచ్చింది. ముడిచమురునే హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేసి తీసిన బేస్ ఆయిల్‌ను సింథటిక్ అని అమ్ముకోవచ్చా అన్నది గొడవ. ప్రకటనల వివాదాలు చూసే అక్కడి సంస్థ 1999లో క్యాస్ట్రాల్ పక్షాన తేల్చింది. గ్రూప్-3 అనే ఆ రకమే ఇప్పుడు బజారులో దొరికే సింథటిక్‌లలో చాలావాటికి మూలం. అది నాసిరకమేమీ కాదు. వేడికి నిలబడుతుంది, త్వరగా చిక్కబడదు, టర్బో బేరింగుల దగ్గర తొందరగా మాడదు. ఘాటెక్కే టర్బో బండికి ఈ గుణాలు నిజంగా పనికొస్తాయి. అయితే ఆ మాట ఒక్కటి చూసి క్యాన్ కొనకూడదు. చూడాల్సింది దాని వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అక్కడ ముందుగా కనిపించేది 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 లాంటి గ్రేడు. డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో స్టార్ట్ కావడానికి సంబంధించినది. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే వేలూరులో ఆ చలి కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనం. మనకు ముఖ్యమైనది అదే. అలాగని మాన్యువల్ 5డబ్ల్యూ-30 అడిగే కొత్త బండికి "మన ఎండకు చిక్కటిదే మేలు" అంటూ 20డబ్ల్యూ-50 పోయకూడదు. ఆ ఇంజిన్‌లో పంపును, సందులను ఆ చిక్కదనానికి తగ్గట్టే కట్టారు.

తర్వాత చూడాల్సింది ఆయిల్ తరగతిని చెప్పే ఏపీఐ అక్షరాలు. సీఐ-4 2002లో, సీజే-4 2006లో, సీకే-4 2016 చివర్లో వచ్చాయి. దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి రావడంతో ఈ తరగతుల తేడాకు మన దగ్గర కూడా విలువ పెరిగింది. కొత్త డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని బండి అప్పుడప్పుడు తనంతట తానే కాల్చుకుంటుంది. ఆయిల్‌లోని కాల్షియం, మెగ్నీషియం మందులు కాలినప్పుడు మిగిలే బూడిద మాత్రం కాలదు, పోదు, ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. సీజే-4, సీకే-4లలో ఈ బూడిదను 1 శాతానికి కట్టడి చేశారు. కాబట్టి బీఎస్-6 బండిలో చవగ్గా వచ్చిందని పాత సీఐ-4 పోస్తే ఆయిల్ మీద మిగిలిన వందలు ఫిల్టర్ దగ్గర వేలై పోతాయి. పాత బీఎస్-3 బండికి మంచి సీఐ-4 ప్లస్ 15డబ్ల్యూ-40 మినరల్ ఆయిలే చాలు. పైగా బంకుల్లో దొరికే డీజిల్‌లో గంధకం 350 పీపీఎం నుంచి 10కి దిగింది కనుక ఆయిల్‌లో ఆమ్లం తయారవడమూ తగ్గింది.

డీపీఎఫ్ ఉన్న బండికి ఇంకో చిక్కుంది. మసి కాల్చుకునే వేళ ఇంజిన్ అదనంగా చిమ్మే డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట కిందికి జారి సంప్‌లో కలుస్తుంది. బజారు ఇరుకుల్లో ఆగి ఆగి తిరుగుతూ, మసి కాలడం పూర్తికాకముందే ఇంజిన్ ఆపేసే బండ్లలో ఇది ఎక్కువ. పొద్దున చదునైన చోట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచి చూడండి. లెవెల్ తగ్గితే అందరూ కంగారు పడతారు. పై గీత దాటి పెరిగినా అంతే కంగారు పడాలి. డీజిల్ వాసన కూడా వస్తుంటే కిలోమీటర్లు ఎన్ని మిగిలున్నా ఆయిల్ మార్చేయాల్సిందే. రంగును మాత్రం పట్టించుకోకండి. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని గడ్డకట్టనీయకుండా తనలో పట్టి ఉంచుతోందని దానర్థం.

ఖర్చు సంగతి చూద్దాం. ఆరు లీటర్లు పట్టే ఇంజిన్‌కు మినరల్ ఆయిల్ లీటరు 350 చొప్పున, ఫిల్టర్ 400 అనుకుంటే మొత్తం 2,500. పదివేలకు మారిస్తే కిలోమీటరుకు 25 పైసలు. సింథటిక్ లీటరు 650 అయితే మొత్తం 4,300. ఇదీ పదివేలకే మారిస్తే 43 పైసలు, మినరల్‌తో సమానం కావాలంటే 17,200 నడపాలి. ఘాటు బండిని అంతదూరం లాగించడం నాకు సమ్మతం కాదు. కిలోమీటరుకు డీజిల్‌కే పది రూపాయల దాకా పోయే చోట 18 పైసలు మిగుల్చుకోవడానికి గడువు పొడిగించి, ఇంజిన్ రీబోరు దాకా తెచ్చుకోవడం ఏం లాభం? టర్బో బండికి సింథటిక్ పోయండి, గడువును మాత్రం పెద్దగా సాగదీయకండి. పొడిగించే తీరాలనుకునే నాలుగైదు బండ్ల ఓనర్లు వాడిన ఆయిల్ నమూనాను ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించాలి. అందులో ఇనుము పెరిగితే అరుగుదల, సిలికాన్ పెరిగితే దుమ్ము.

దుమ్ము మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. క్రషర్ల దగ్గరా, పాలారు ఇసుక దారుల్లోనూ తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, దాని హోస్ క్లిప్పు వదులైనా ఏ సింథటిక్కూ కాపాడలేదు. ఇసుక పొడి పిస్టన్ రింగులను అరగదీస్తుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఆ క్లిప్పును చేత్తో తిప్పి చూడాలి.

మార్చేటప్పుడు ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి, డ్రైన్ బోల్టుకు కొత్త వాషర్ వేయాలి, ఫిల్టర్ కూడా మార్చాలి. తేదీ, మీటరు రీడింగుతో పాటు గత మార్పు నుంచి పట్టిన డీజిల్ లీటర్లూ పుస్తకంలో రాసుకోవాలి. తీసిన ఆయిల్ చట్టం దృష్టిలో ప్రమాదకర వ్యర్థం. తోళ్ల ఫ్యాక్టరీల మురుగుతో పాలారు ఎంత పాడైందో వేలూరు పౌరుల కేసులో 1996లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది. మనం షెడ్డు పక్క కాలువలో పోసే నల్ల ఆయిల్ కూడా వాననీళ్లతో అటే చేరుతుంది. దాన్ని డబ్బాలో పట్టి, లైసెన్సు ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. ఖాళీ అయిన కొత్త క్యాన్‌కు మేకుతో నాలుగు చిల్లులు పొడవండి. చెక్కుచెదరని కంపెనీ క్యాన్లను కొనుక్కుపోయి నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్మేవాళ్లున్నారు.