సెల్‌ఫోన్ వికిరణ పరిమితి: 1.6 అనే సంఖ్య అర్థం

కీలకపదాలు: సెల్‌ఫోన్, వికిరణం, విశిష్ట శోషణ రేటు, రక్షణ పరిమితి

1. ఉపోద్ఘాతం

సెల్‌ఫోన్‌లో *#07# నొక్కితే తెరమీద ఒక సంఖ్య కనిపిస్తుంది. అది ఎస్.ఏ.ఆర్. విలువ. తెలుగులో దీనిని ‘విశిష్ట శోషణ రేటు’ అనవచ్చు. ఒక కిలోగ్రాము కణజాలం రేడియో తరంగాల నుండి ఎన్ని వాట్లు గ్రహిస్తుందో ఇది తెలుపుతుంది. భారతదేశంలో ఇది 1.6 దాటరాదు. ఈ సంఖ్య ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. ‘వికిరణం’ - పదసమస్య

ఎక్స్-కిరణాలకూ, సెల్‌ఫోన్ తరంగాలకూ మనం ‘వికిరణం’ అనే ఒకే మాట వాడుతున్నాం. ఎక్స్-కిరణాలు పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లను వేరుచేయగలవు. రేడియో తరంగాలకు అంతటి శక్తి లేదు. వాటి విషయంలో నిర్ధారణ అయిన ముఖ్య ప్రభావం కణజాలం వేడెక్కడం. పరిమితులకు ఆధారం అదే.

3. పరిమితి నిర్ణయం

శరీరమంతా సగటున కిలోగ్రాముకు 4 వాట్లు గ్రహిస్తే ఉష్ణోగ్రత సుమారు 1 డిగ్రీ సెల్సియస్ పెరుగుతుంది. అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ స్థాయిని 50తో భాగించి, సామాన్య ప్రజలకు 0.08 వాట్లుగా నిర్ణయించాయి. అయితే చెవి దగ్గర పెట్టుకున్న ఫోను శక్తి తలలో ఒకచోటనే కేంద్రీకృతమవుతుంది. అందుకే స్థానిక పరిమితి వేరుగా ఉంది: 10 గ్రాముల కణజాలంపై సగటున 2 వాట్లు. అమెరికా 1 గ్రాముపై సగటున 1.6 వాట్ల పరిమితిని పాటిస్తుంది. మొదటి పద్ధతిని అనుసరించిన భారతదేశం 2012లో రెండవదానికి మారింది.

2 నుండి 1.6కు మారడం కేవలం ఐదో వంతు తగ్గింపు కాదు. 10 గ్రాములపై సగటు తీస్తే ఒక బిందువు దగ్గరి అధిక శోషణ పరిసరాలలో కలిసిపోతుంది. 1 గ్రాముపై తీస్తే అంతగా కలవదు. కాబట్టి రెండవది మరింత కఠినమైనది. సగటు తీసిన పరిమాణం చెప్పకుండా ఈ సంఖ్యలను పోల్చడం సరికాదు.

4. సంఖ్య చెప్పనివి

ఫోను గరిష్ఠ శక్తితో పనిచేస్తున్నప్పుడు ప్రయోగశాలలో కొలిచిన విలువ ఇది. నిత్యవాడుకలో సిగ్నల్ బాగుంటే ఫోను తక్కువ శక్తితోను, బలహీనంగా ఉంటే ఎక్కువ శక్తితోను ప్రసారం చేస్తుంది. అందువల్ల 0.9 ఫోను 1.2 ఫోను కంటే ఎల్లప్పుడూ తక్కువ ప్రభావం చూపుతుందని చెప్పలేం.

దీర్ఘకాలిక ప్రభావం మరొక ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చింది. పరిమిత ఆధారాలున్నాయని దీని అర్థం. ప్రమాదం రుజువైందని కాదు, లేదని తేలిందనీ కాదు.

5. ముగింపు

1.6 అనేది ప్రమాదం మొదలయ్యే గీత కాదు. వేడి ప్రభావానికి చాలా దిగువన గీసిన రక్షణరేఖ. దానికి లోబడిన రెండు ఫోన్లలో చిన్న సంఖ్య ఉన్నదాన్ని వెతకడం కంటే, ఫోనును తలకు కొంత దూరంగా ఉంచడం, సిగ్నల్ బలహీనమైన చోట సంభాషణ తగ్గించడం ఎక్కువ ప్రయోజనకరం.