ఇంటికి పంపునప్పుడు తెలుగులో చెప్పరాదా?



స్థూలకాయము తగ్గుటకు శస్త్రచికిత్స కోరి మా బళ్లారి నుండి బెంగుళూరు వెళ్లువారున్నారు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అను చికిత్సలో జీర్ణకోశమును సుమారు ముప్పాతిక భాగము తీసివేసి, మిగిలినదాని అంచును సన్నని లోహపు స్టేపుల్స్‌తో మూయుదురు. నూటికి ఒకరిద్దరికి ఆ అంచు విడి, లోని ద్రవము పొట్టలోనికి కారును. సూక్ష్మజీవులు చేరి చీము పట్టును. రక్తమున కెక్కినచో ప్రాణాపాయమే.

రోగిని రెండు మూడు రోజులకే ఇంటికి పంపుదురు. ఈ కారుట తరచు ఆ తరువాతనే బయటపడును. లావుపాటివారికి పొట్ట గట్టిపడుట పైకి తెలియకపోవచ్చును. జ్వరముకన్న ముందే నాడి నిమిషమునకు 120 దాటవచ్చును. ఆయాసము, ఎడమ భుజమున నొప్పియు గుర్తులే. ఇంటివారు గ్యాసని తలచి సోడా త్రాగించి ఊరకుందురు!

నాకు తెలిసిన యొకరికి ఆసుపత్రివారిచ్చిన కాగితమున ఇవన్నియు నున్నవి, ఇంగ్లీషులో. ఆ యింట అది చదువగలవారు లేరు. మా యిండ్లలో మాట తెలుగు, బడిలో కన్నడము. లక్షలు తీసుకొనువారు ఈ నాలుగు ముక్కలను రెండు భాషలలోను అచ్చొత్తించి, అర్ధరాత్రియైనను పలుకు టెలిఫోను నంబరుతో సహా రోగి చేతికీయవలెనని కోరుచున్నాను.

— ఒక పాఠకుడు, బళ్లారి