వైఫైతో ఊపిరి లెక్క తెలుస్తుందా?

పిల్లలు ఉద్యోగాల కోసం దూరం వెళ్ళిన ఇళ్ళలో పెద్దవారు ఒంటరిగా ఉంటారు. రాత్రివేళ అమ్మ పడిపోతే, ఆయాసం వస్తే ఎవరికి తెలుస్తుంది? చేతికి కట్టే పరికరాన్ని చాలామంది తీసి పక్కన పెడతారు. పడకగదిలో కెమెరాకు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయమని మేమూ అంటాము. అందుకే పరిశోధకులు వైఫైని పరీక్షిస్తున్నారు.

వైఫై తరంగాలు గోడలకు, బీరువాకు, మన ఒంటికి తగిలి చెదరుతాయి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కదిలేది కొన్ని మిల్లీమీటర్లే అయినా, అందుకునే పరికరంలో సిగ్నల్ ఆ మేరకు హెచ్చుతగ్గులవుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కిస్తే నిమిషానికి ఎన్ని ఊపిరులో తెలుస్తుంది.

మామూలు రూటర్లు ఈ వివరాలను బయటికి చూపవు. 2011లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు ఇంటెల్ 5300 అనే ల్యాప్‌టాప్ కార్డు నుండి వాటిని చదివే సాఫ్ట్‌వేరును అందరికీ ఇచ్చారు. ఏళ్ళ తరబడి పరిశోధనలు ఆ కార్డు మీదే నడిచాయి. ఇప్పుడది పాత సామానులో వెతుక్కోవలసిందే. 2019లో రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకు కూడా అలాంటి సాఫ్ట్‌వేరు వచ్చింది. అన్నిటికంటే చవక ఈఎస్‌పీ32 బోర్డు. అగ్గిపెట్టె కంటే కాస్త పొడవు, ధర కొన్ని వందల రూపాయలు. ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి రెండుంటే చాలు, ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు కూడా ప్రయోగం మొదలుపెట్టవచ్చు.

అయితే చవకగా దొరికింది కదా అని మంచం పక్కన పెట్టి నిశ్చింతగా ఉండవద్దు. గదిలో ఇంకొకరు నడిచినా, ఫ్యాను తిరిగినా, కుర్చీ జరిపినా లెక్క తారుమారు కావచ్చు. మన ఇళ్ళలో ఫ్యాను ఆపేదెప్పుడు? పైగా ఈ తరంగాలు గోడ దాటుతాయి గనుక పక్కింటివారి కదలికలు కూడా అందవచ్చు. ఎవరి అనుమతి తీసుకున్నారన్నది కూడా చూడాలి.

ప్రస్తుతానికి గడియారమే నమ్మకమైనది. పెద్దవారు కదలకుండా ఉన్నప్పుడు, వారికి చెప్పకుండా, పూర్తి ఒక నిమిషం ఛాతీ ఎన్నిసార్లు లేచిందో లెక్కించండి. 12 నుండి 20 వరకు మామూలే. 25 దాటినా, పెదవులు నీలంగా మారినా, మాట పూర్తిచేయలేకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.