ఒకే తేదీ, రెండు పండుగలు

ఆగస్టు 29 వచ్చిందంటే మా కాలేజీలో రెండు పండుగలు. ఉదయం తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టినరోజు. సాయంత్రం జాతీయ క్రీడా దినోత్సవం. హాకీ వీరుడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు. ఆయన పుట్టింది 1863లో, ఈయన 1905లో. పంచాంగం వీళ్ళిద్దరినీ ఎందుకు జతకలిపిందో నాకు చాలాకాలం బోధపడలేదు. పోయిన సంవత్సరం బోధపడింది. అదీ నా పరువు పోయాక!

తెలుగు లెక్చరర్ని గనుక ఉదయం ఉపన్యాసం నాది. పన్నెండేళ్ళుగా అదే ఉపన్యాసం, అవే కాగితాలు. ఆ రోజు ఒక వాక్యం మధ్యలో నేను ఊపిరి తీసుకునేలోగా, ముందు వరసలో కుర్రవాడొకడు మిగతా సగం పెదవులతో పూర్తి చేశాడు. పక్కవాడు నవ్వాపుకోలేక వంగిపోయాడు. తప్పు వాళ్ళది కాదు. వాడు పాపం మూడో ఏడు వింటున్నాడు!

సాయంత్రం అధ్యాపకులకు వంద మీటర్ల పందెం. చిన్నప్పుడు కబడ్డీ ఆడినవాణ్ణి కదా అని పంచె ఎగగట్టి దిగాను. సగం దూరంలోనే ఊపిరి చాలక నిలబడిపోయాను. చప్పట్లు కొట్టారు. అవి ఎలాంటి చప్పట్లో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎం.ఏ. చదివే రోజుల్లో కథలు రాసేవాణ్ణి. తరవాత ఉద్యోగం, సంసారం, పరీక్ష పేపర్లు. ఎవరడిగినా "తీరికేదండీ?" అనడం అలవాటయింది. కాని తీరిక మాటకొస్తే, ధ్యాన్‌చంద్ సైన్యంలో మామూలు సిపాయి. పగలంతా కొలువు, ఆట సాధన రాత్రివేళ. అందుకే పేరుకు 'చాంద్' తగిలిందని చెబుతారు. ఆ సాధనే 1928, 1932, 1936 ఒలింపిక్సులలో మూడు బంగారు పతకాలయింది. ఇక మన పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులు. బడి పని చేసుకుంటూనే సవర భాష నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. వాడుకభాష కోసం పోరాటానికి దిగేనాటికి ఆయనకు నలభై దాటాయి. నా వయస్సే! ఇహ తీరిక లేదనే మాట నోట రాలేదు.

మర్నాడు మా ఫిజికల్ డైరెక్టరుగారిని సలహా అడిగాను. ఆయన నవ్వలేదు. "రేపే పరుగెత్తకండి మాస్టారూ. పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగంతో నడవండి. కొన్నాళ్ళయ్యాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ఆయాసం వస్తే మళ్ళీ నడకే. మానెయ్యడం మాత్రం లేదు" అన్నారు.

నడుస్తూండగా తోచింది, రాతకు మాత్రం ఇది వర్తించదా అని. మనం కలం పట్టగానే మహాకావ్యం రావాలంటాం. రాకపోతే కాగితం నలిపి పారేస్తాం. ఆనాటి నుంచి పొద్దున నడిచి రాగానే అరపేజీ రాయడం పెట్టుకున్నాను. బాగుందా లేదా అన్న విచారణ ఆదివారానికి వాయిదా. వానాకాలంలో పదిరోజులు రెండూ మానేశాను. మళ్ళీ మొదలుపెట్టడానికి పడిన కష్టం మొదటి రోజు కూడా పడలేదు. అయినా పదకొండో రోజున లేచాను. ఈ ఏడాదిలో నేను సాధించింది ఏదైనా వుంటే ఆ లేవడమే.

ఈ ఆగస్టు 29న పాత కాగితాలు ఇంట్లోనే వదిలేసి వెళ్ళాను. కొత్తగా రాసుకున్నది చదివాను. సభ ముగిశాక ఆ కుర్రవాడే చదువు ముగిసినా వచ్చి, "ఈసారి తరవాతి వాక్యం అందలేదండీ" అన్నాడు. సన్మానంలో శాలువా కప్పినా అంత సంతోషించను.

సాయంత్రం పందెంలో అందరికంటె వెనుక వచ్చాను. కాని గీత దాటాను. ఇంటికి వచ్చి గొప్పగా చెబితే మా ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తూ, "సంతోషం. పరుగు పూర్తయిందిగా! మన పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన ఆ కథ కూడా పూర్తిచెయ్యండి. ఆ పిల్ల ఇంకా రైలుస్టేషనులోనే నిలబడి వుంది" అంది.

రేపు పొద్దున ఆ పిల్లను రైలెక్కించాలి.