బరువు తగ్గించే సర్జరీకి మెడికేర్ ఒప్పుకోవాలంటే...

"తిండి తగ్గిస్తే సరిపోయేదానికి ఆపరేషన్ ఎందుకమ్మా?" మా అత్తగారి సర్జరీ మాట ఎత్తగానే అందరూ అన్నది ఇదే. ఆవిడేమో ఏళ్లుగా అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నారు, రోజూ నడుస్తున్నారు. అయినా బరువు తగ్గలేదు, షుగర్ లొంగలేదు. మెడికేర్ ప్లాన్ వాళ్లు కూడా మొదట కాదన్నారు. కారణం? ఆ ప్రయత్నాలేవీ డాక్టర్ రికార్డులో లేవు. సిగ్గుపడి ఆవిడ ఎప్పుడూ చెప్పుకోలేదు!

మెడికేర్ చూసేవి ముఖ్యంగా మూడు. బీఎంఐ 35 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. షుగర్ లాంటి, బరువుతో ముడిపడిన జబ్బు ఒకటైనా ఉండాలి. బరువుకు ముందే వైద్యం చేయించుకున్నా ఫలితం రాలేదని తేలాలి. మెడికెయిడ్ అయితే రూల్స్ రాష్ట్రానికో తీరు.

అందుకే అమ్మకైనా, అత్తగారికైనా, మీకైనా సర్జరీ ఆలోచన ఉంటే డాక్టర్ దగ్గర మొహమాటపడకండి. పాటిస్తున్న పథ్యం, నడక, వాడిన మందులు చెప్పి, చార్టులో రాయమని అడగండి. డైటీషియన్ దగ్గరికి పంపమనండి. కాదంటూ ఉత్తరం వస్తే పారేయకండి. కారణం, అప్పీల్ గడువు అందులోనే ఉంటాయి.

మేం ఆరు నెలల రికార్డుతో మళ్లీ అడిగాం. ఈసారి సరేనన్నారు.