పదకొండో అమ్మాయి దొరికితేనే మ్యాచ్

నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో మీ కాలేజీ నోటీసు బోర్డు మీద చలికాలం మొదలవగానే ఓ చిన్న కాగితం కనిపిస్తుంది. ‘ఇంటర్ కాలేజ్ ఫుట్‌బాల్, మహిళలు. ఆసక్తి ఉన్నవాళ్లు ఫిజికల్ డైరెక్టర్‌ను కలవండి.’ మీరు దాన్ని ఓ చూపు చూసి, పక్కనే ఉన్న గ్రూప్స్ కోచింగ్ ప్రకటనను ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లిపోయి ఉంటారు. తప్పేం లేదు. ఇంట్లో రోజుకు నాలుగుసార్లు ‘ఉద్యోగం’ అన్న మాట వినిపిస్తుంటే గ్రౌండ్ వైపు చూడబుద్ధి కాదు. అయినా ఆ కాగితం సంగతి ఓసారి మాట్లాడుకుందాం. అందులో మీరనుకున్న దానికంటే ఎక్కువా ఉంది, పుకార్లు చెప్పే దానికంటే తక్కువా ఉంది.

అమ్మాయిల జట్టుకు మొదటి కష్టం మనుషులు దొరకడమే. ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం ఒక జట్టులో ఏడుగురి కంటే తక్కువ ఉంటే మ్యాచ్ మొదలు పెట్టరు. మధ్యలో ఆ సంఖ్యకన్నా తగ్గినా ఆపేస్తారు. ఏడుగురితో ఆడితే ఎన్ని గోల్స్ పడతాయో చెప్పక్కర్లేదు, కాబట్టి పదకొండు మందిని పోగేయడమే కెప్టెన్‌కు అసలు టోర్నమెంట్. అందుకే ఇలాంటి జట్లలో చాలామంది వేరే ఆటల నుంచి వస్తారు. కబడ్డీ ఆడే అమ్మాయి డిఫెండర్ అవుతుంది. ఖోఖోలో మెరుపులా తిరిగే అమ్మాయి వింగర్. హ్యాండ్‌బాల్ ఆడి చేతులు గట్టిపడ్డామెకు గోల్‌కీపర్ గ్లవుజులు ఇస్తారు. ‘నాకు బాల్ తన్నుడే రాదక్కా’ అంటే, ‘ఉరుకుడైతే వస్తది కదా, మిగిలింది మేం చూస్కుంటం’ అని సీనియర్ భరోసా ఇస్తుంది.

అది ఊరికే చెప్పే మాటా కాదు. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి భారత సీనియర్ జట్టు దాకా వెళ్లిన గుగులోత్ సౌమ్య కూడా పరుగుతోనే మొదలుపెట్టి ఫుట్‌బాల్‌కు వచ్చింది. 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఛాంపియన్‌గా నిలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆమె ముఖ్యమైన ప్లేయర్. టైటిల్ ఖాయం చేసిన ఒడిశా ఎఫ్‌సీ మ్యాచ్‌లో పడిన ఒకే ఒక్క గోల్ ఆమెదే. ఆ సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ‘ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్’ అవార్డు కూడా ఆమెకే దక్కింది. 2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి భారత్ 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది కదా, ఆ క్వాలిఫయింగ్ పోటీలకు వెళ్లిన బృందంలోనూ సౌమ్య ఉంది. అందరూ సౌమ్యలు కారు, ఆ లెక్క కిందికి వచ్చాక మాట్లాడదాం. మీ ఊరికి ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరంలోనే ఇది జరిగిందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక జట్టులో రోజు ఎలా ఉంటుందంటారా? డిసెంబరు, జనవరిలో ప్రాక్టీస్ అంటే చీకటితోనే లేవాలి. చలి పది డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఎడపల్లి, రెంజల్, వర్ని వైపు నుంచి వచ్చేవాళ్లకు మొదటి పల్లెవెలుగు బస్సే ఆధారం. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి ఉచిత ప్రయాణం వచ్చాక ఈ జట్లకు ఓ పెద్ద అడ్డంకి తొలగింది. అంతకుముందు ‘రోజూ ఛార్జీలు ఎక్కడివి’ అన్న ఒక్క మాటతో ఇంట్లో ఆట ఆగిపోయేది. ఇప్పుడు ఆధార్ కార్డు ఉంటే చాలు. మంచులో బస్సు ఆలస్యమవుతుంది, దారిలో చెరుకు ట్రాక్టర్ అడ్డమొస్తే ఇంకాస్త ఆలస్యం. అప్పుడు మొదలవుతుంది ఫోన్ల మోత. ‘లేసినవా?’ ‘బస్సెక్కినవా?’ ‘యాడున్నవే, సార్ అటెండెన్స్ తీస్తుండు!’ పొద్దున ఐదింటికి మిమ్మల్ని ఇలా లేపి తిట్టేవాళ్లు ముగ్గురు దొరికారంటే, వాళ్లు డిగ్రీ అయ్యాక కూడా మిమ్మల్ని వదలరు.

ఫుట్‌బాల్ స్నేహంలో కవిత్వం తక్కువ, సర్దుబాటు ఎక్కువ. ఇద్దరికీ ఒకటే సైజు అయితే ఒక జత స్టడ్స్‌తో ఇద్దరూ సరిపెట్టుకుంటారు, ఒకామె సబ్‌స్టిట్యూట్‌గా బయటికొచ్చి విప్పిస్తే ఇంకొకామె వేసుకుని లోపలికి పోతుంది. షిన్‌గార్డులు లేకుండా ఆడనివ్వకూడదని రూలు, అందుకని అవీ చేతులు మారుతుంటాయి. ఎవరో ఒకరి బ్యాగులో శానిటరీ ప్యాడ్లు, సేఫ్టీ పిన్నులు, నొప్పి స్ప్రే ఉన్న సంచి ఎప్పుడూ ఉంటుంది. అది ఎవరిదని అడగరు, అయిపోతే ఎవరో ఒకరు నింపుతారు. నెలసరి రోజుల్లో ‘ఇయ్యాల నేను పరుగు తక్కువ తీస్త’ అని కెప్టెన్‌కు చెప్పగలగడం చిన్న విషయం కాదు. ఇంట్లో అమ్మకు తప్ప ఎవరికీ చెప్పని మాటను పదిమందిలో చెప్పడం మీరు ఇక్కడే నేర్చుకుంటారు.

చలిలో ఇంకో సంగతి. ఒళ్లు వేడెక్కకుండా బంతిని గట్టిగా తన్నితే తొడ కండరం పట్టేస్తుంది. మోకాలి లిగమెంటు గాయాలు అబ్బాయిలకంటే అమ్మాయిల్లోనే ఎక్కువని స్పోర్ట్స్ డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. ‘ఫిఫా 11 ప్లస్’ అనే వార్మప్ ఒకటుంది. ఇరవై నిమిషాల పని, ప్రత్యేకమైన సామాను అక్కర్లేదు, క్రమం తప్పకుండా చేస్తే గాయాలు తగ్గుతాయని పరీక్షల్లో తేలింది. మీ గ్రౌండ్‌లో రెండు రౌండ్లు ఉరికించి నేరుగా మ్యాచ్‌లోకి దింపుతుంటే, ఇది మనం చేద్దామా అని మీరే అడగండి. మోకాలు పోతే ఆటతోపాటు కానిస్టేబుల్ ఈవెంట్స్ కూడా పోతాయి.

బట్టల గొడవ ఎలాగూ వస్తుంది. ‘నిక్కర్లేసుకుని ఉరుకుడేంది?’ అని ఇంట్లో అంటే గొడవపడేముందు నిబంధన చెప్పి చూడండి. షార్ట్స్ కింద టైట్స్ వేసుకోవచ్చు, అవి షార్ట్స్ రంగులో ఉంటే చాలు. హిజాబ్‌తో ఆడటానికి 2014 నుంచి ఫుట్‌బాల్ నిబంధనలే ఒప్పుకుంటున్నాయి. నిజామాబాద్, బోధన్ కాలేజీల్లో ఈ ఒక్క సమాచారం తెలియక గ్యాలరీలోనే ఉండిపోయిన అమ్మాయిలు ఉండే ఉంటారు. మీ క్లాసులో అలాంటి స్నేహితురాలుంటే ఈ పేరా చూపించండి.

అమ్మానాన్నల భయం బట్టలతో ఆగదు. దాన్ని కొట్టిపారేయకండి. బోధన్‌లో ఒకప్పుడు ఉద్యోగమంటే శక్కర్‌నగర్ ఫ్యాక్టరీయే. 1937లో మొదలైన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. ఏళ్లతరబడి చేసిన కొలువు ఒక నోటీసుతో పోవడం చూసిన ఇళ్లు అవి. చెరుకు వేసినవాళ్లు పంటను వేరే ఫ్యాక్టరీలకు మోసుకుపోవాల్సి వచ్చింది. అమ్మలు బీడీలు చుట్టి ఫీజులు కట్టే ఇళ్లు జిల్లా అంతటా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ‘ఆట ఆడితే ఏమొస్తది?’ అని అడిగారంటే అది మీ మీద కోపం కాదు. లెక్క అడుగుతున్నారు. లెక్కే చెప్పాలి.

ఆ లెక్క ఇది. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. అయితే అందులో ప్రాధాన్యం అంతర్జాతీయ పతకాల నుంచి మొదలై కిందికి వస్తుంది, యూనివర్సిటీ స్థాయి ఆటగాళ్ల వంతు చాలా తర్వాత. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2024లో డీఎస్పీ పోస్టు వచ్చింది రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాక. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాలో తలుపు కాస్త వెడల్పు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తమ యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్లు కూడా గ్రూప్-సి పోస్టులకు అర్హులే. దానికి ఫారం-3 అనే సర్టిఫికెట్ కావాలి, యూనివర్సిటీ క్రీడా విభాగం అధిపతి సంతకం ఉండాలి. రైల్వేలో ఇంకా గట్టిగా చూస్తారు, పాల్గొంటే చాలదు, పోటీల్లో స్థానం అడుగుతారు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. కాలేజీ జట్టులో ఆడినందుకు ఇచ్చే సర్టిఫికెట్ ఫైల్లో అందంగా ఉంటుంది, కోటాకు పనిచేయదు. మీరు డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీ పరిధిలో చదువుతుంటే ఇంటర్ కాలేజ్ పోటీల్లో కనపడి, యూనివర్సిటీ జట్టుకు ఎంపికై, సౌత్‌జోన్ పోటీలకు వెళ్లాలి. విలువ అక్కడి నుంచి మొదలు. ఆ సెలక్షన్స్‌లో మీ పక్కనే ఫోన్ చేసి లేపిన స్నేహితురాలు కూడా నిలబడుతుంది. ఇద్దరిలో ఒకరి పేరే లిస్టులో రావచ్చు. అది మామూలు బాధ కాదు. తిరుగు బస్సులో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. కొన్ని స్నేహాలు అక్కడ చల్లబడతాయి కూడా, దాచడం ఎందుకు. పేరు రానమ్మాయి మర్నాడు తన స్టడ్స్ తెచ్చి, పేరొచ్చినమ్మాయికి ‘ఇవి కొత్తవి, ఏస్కపో’ అని ఇచ్చే జట్లూ ఉంటాయి.

కోటా రాకపోతే ఆట వృథానా? పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో మహిళలకు 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తవ్వాలి, లాంగ్‌జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు. కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ జీడీకి 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో. నోటిఫికేషన్ వచ్చాక అలవాటు లేని కాళ్లతో మొదలుపెట్టేవాళ్లకు ఈ అంకెలు గుండె దడ పుట్టిస్తాయి. రెండు చలికాలాలు ఫుట్‌బాల్ ఆడినమ్మాయికి పరుగు భయం ఉండదు, షాట్‌పుట్ ఒక్కటి విడిగా నేర్చుకుంటే సరిపోతుంది. ఆటలోనే ఉండాలనుకుంటే పీఈసెట్ రాసి బీపీఈడీ చేయొచ్చు, అందులో మీ ఆట నైపుణ్యానికీ మార్కులుంటాయి. చిన్నపిల్లలకు కోచింగ్ ఇవ్వడానికి ఫుట్‌బాల్ సమాఖ్య డి-లైసెన్స్ కోర్సు ఉంది. రిఫరీ దారీ ఉంది, అమ్మాయిలు అటువైపు వెళ్లేది తక్కువ కాబట్టి ఆలోచించదగ్గదే.

ప్రైవేటు ఉద్యోగాల రెజ్యూమెలో ‘టీమ్ వర్క్’ అని ఊరికే రాయకండి. హెచ్‌ఆర్ వాళ్లు రోజూ చదివి విసిగిపోయిన మాట అది. ‘పదహారు మంది జట్టుకు కిట్లు, ప్రయాణం, హాజరు రెండేళ్లు చూశాను’ అని రాస్తే ఎదుటివాళ్లు తలెత్తి ప్రశ్న అడుగుతారు, మీకు చెప్పడానికీ ఏదో ఒకటి ఉంటుంది.

అందరినీ గ్రౌండ్‌కు రమ్మనడం మా ఉద్దేశం కాదు. చివరి సెమిస్టర్‌లో ఉండి, ఎప్పుడూ ఆడకుండా, కోటా కోసమే ఇప్పుడు మొదలుపెడదామనుకుంటే వద్దు, ఆ గంటలు పుస్తకానికే ఇవ్వండి. మొదటి, రెండో ఏడాదిలో ఉంటే మాత్రం పొద్దున గంటన్నర పెద్ద నష్టం కాదు, ఎలాగూ ఆ టైంలో ఫోన్ చూస్తూ దుప్పట్లోనే ఉంటారు.

వెళ్లేముందు పదో తరగతి, ఇంటర్ మెమోలు, బోనఫైడ్, పాస్‌పోర్ట్ ఫొటోలు ఓ కవర్లో పెట్టుకోండి. యూనివర్సిటీ ఎలిజిబిలిటీ ఫారంలో పుట్టినతేదీ, పేరు స్పెల్లింగ్ పదో తరగతి మెమోతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, తేడా వస్తే జట్టుతో వెళ్లాక కూడా ఆడనివ్వకపోవచ్చు. సంక్రాంతి సెలవులకు కాలేజీ మూసేలోపు ప్రిన్సిపల్ సంతకం చేయించుకోండి. స్టడ్స్ కొనేటప్పుడు సాయంత్రం పూట, మందపాటి సాక్సులు వేసుకుని సైజు చూసుకోండి. మీ సైజువాళ్లు జట్టులో ఇప్పటికే ఒకరుంటే, కొన్నాళ్లు కొనకపోయినా నడుస్తుంది.